సర్ది గోలీ పనితనం

2021 మే నెలలో తెలంగాణలో ఇంటింటి జ్వర సర్వే మొదలైంది. నిజామాబాద్ గల్లీల్లోనూ, బోధన్ చుట్టుపక్కల చెరుకు, పసుపు, వరి పండే ఊళ్లలోనూ ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు గడప గడపకూ తిరిగారు. జరం ఉన్నదా, సర్ది అయిందా, దగ్గు వస్తున్నదా అని అడిగి, ఉన్నదన్నవాళ్ల చేతిలో ఒక మందుల పొట్లం పెట్టారు. పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆగలేదు. పొట్లంలో పారాసిటమాల్, లెవోసెట్రిజిన్, గ్యాస్ కోసం రానిటిడిన్, ఒక యాంటీబయాటిక్, విటమిన్ గోలీలు ఉండేవి.

వాటిలో కరోనా వైరస్‌ను చంపే మందు ఒక్కటీ లేదు. స్వల్పంగా సోకిన కోవిడ్‌కు ఇంట్లో చేసే వైద్యమంతా లక్షణాలకే. వైరస్ సంగతి శరీరం చూసుకుంటుంది. అది చూసుకునే ఆ వారం పది రోజులూ మనిషి నాలుగు ముద్దలు తినగలగాలి, నీళ్లు తాగగలగాలి, రాత్రి కన్ను మూయగలగాలి. అంతవరకు నిలబెట్టే పని మెడికల్ షాపులో ఎప్పుడూ దొరికే జలుబు మందులదే. రోజూ కళ్ల ముందు ఉంటాయి కాబట్టి వాటిని చులకనగా చూస్తాం. ఒక్క గోలీని పట్టుకుని దాని లోపలికి వెళ్తే ఆ చులకన నిలవదు. ఏ భాగం ఏ పని కోసం పెట్టారో తెలిస్తే వాడుకలో పొరపాట్లూ తగ్గుతాయి. ఈ వ్యాసం అందుకే.

ముందు చట్టం సంగతి. చీటీ లేకుండా అమ్మే మందులంటూ మన దేశంలో విడిగా ఒక జాబితా లేదు. 1945 నాటి డ్రగ్స్ నిబంధనల్లో షెడ్యూల్ హెచ్‌లో ఉన్నవాటికి డాక్టర్ చీటీ కావాలి. షెడ్యూల్ కె అనే మరో పట్టికలో, జనాభా వెయ్యికి మించని ఊళ్లో పారాసిటమాల్ గోలీలు, నొప్పి బామ్‌ల వంటివి మందుల లైసెన్సు లేని దుకాణంలో కూడా అమ్మవచ్చని ఉంది. వర్ని, కోటగిరి వైపు చిన్న తండాల్లో కిరాణా కొట్టు సీసాల పక్కన జరం గోలీ దొరికేది ఆ వెసులుబాటు వల్లనే.

ఇక గోలీలోకి వద్దాం. పారాసిటమాల్ తయారీ రసాయనపరంగా చిన్నది. పారా అమినోఫినాల్ అనే పదార్థాన్ని ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్‌తో కలిపితే పారాసిటమాల్ వస్తుంది, పక్కన ఎసిటిక్ ఆమ్లం మిగులుతుంది. సిర్కాకు పులుపు ఇచ్చేది ఈ ఆమ్లమే. ఈ మొదటి పదార్థం చాలామటుకు చైనా నుంచి రావలసి ఉండటంతో 2020 మార్చి 3న కేంద్రం పారాసిటమాల్ ఎగుమతిపై ఆంక్షలు పెట్టింది, కొన్ని వారాల తర్వాత సడలించింది.

అసలు కష్టం తయారైన పొడిని గోలీగా నిలబెట్టడంలో ఉంది. పారాసిటమాల్ స్ఫటికం గట్టిది, పెళుసుది. అచ్చులో పెట్టి నొక్కితే లొంగినట్టే లొంగి, ఒత్తిడి తీయగానే కొద్దిగా వెనక్కి సాగుతుంది. ఆ సాగుడుకు గోలీ పైభాగం పొరలాగా ఊడి వస్తుంది. ఫ్యాక్టరీవాళ్లు దీన్ని క్యాపింగ్ అంటారు. మామూలు పొడిని నొక్కితే గోలీ అవుతుందనుకునేవాళ్లకు ఈ మందు మొదటి పాఠం చెబుతుంది. అందుకని పొడిని ముందు జల్లిస్తారు. పిండిపదార్థంతో కలుపుతారు. గంజినో, పోవిడోన్ అనే జిగురునో పోసి, వేగంగా తిరిగే పెద్ద పాత్రలో తడి రవ్వ చేస్తారు. కింది నుంచి వేడిగాలి ఊదే యంత్రంలో ఆ రవ్వ గాలిలో తేలుతూ ఆరుతుంది. పూర్తిగా ఎండకూడదు. కాస్త తేమ మిగిలితేనే రవ్వ ఒత్తిడికి ఒదుగుతుంది, ఎక్కువ మిగిలితే అచ్చుకు అంటుకుంటుంది. ఆరిన రవ్వను మరపట్టి ఒకే పరిమాణానికి తెస్తారు.

ఈ రవ్వ చేయడమే ఒక ప్రత్యేక పరిశ్రమ. సంగారెడ్డి జిల్లా బొంతపల్లిలో పారాసిటమాల్ పెద్ద ఎత్తున తయారుచేసే గ్రాన్యూల్స్ ఇండియా పేరులోనే ఆ రవ్వ ఉంది. నొక్కడానికి సిద్ధంగా ఉన్న రవ్వను ఇతర దేశాల గోలీ కంపెనీలకు అమ్మడం ఆ సంస్థ వ్యాపారంలో ఒక భాగం. అంటే ఎక్కడో దూరదేశంలో జ్వరం తగ్గించిన గోలీ సగం పని మన తెలంగాణ నేల మీదే పూర్తి చేసుకుని వెళ్లి ఉండవచ్చు.

రవ్వకు చివర్లో మూడు చిన్న దినుసులు చేరతాయి. నీళ్లు తగలగానే ఉబ్బి గోలీని లోపలి నుంచి విడగొట్టేది ఒకటి, రవ్వ అచ్చులోకి సాఫీగా జారేలా చేసేది ఒకటి, గోలీ అచ్చు గోడకు పట్టుకోకుండా చూసే మెగ్నీషియం స్టియరేట్ ఒకటి. ఈ చివరిది జిడ్డు గుణం ఉన్నది. అందుకే అన్నిటికంటే ఆఖరున వేసి, కొద్ది నిమిషాలు మాత్రమే తిప్పుతారు. ఎక్కువసేపు తిప్పితే ప్రతి రవ్వ గింజ చుట్టూ పొర కట్టి, గోలీ మెత్తబడుతుంది, కడుపులో నీరు లోపలికి దూరక ఆలస్యంగా కరుగుతుంది. మిషన్ దగ్గర నిలబడ్డ మనిషి ఐదు నిమిషాలు ఏమరిస్తే రోగికి ఉపశమనం ఆలస్యమవుతుందన్నమాట. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి గోలీ మింగుతూ ఆ మనిషిని ఒకసారి తలుచుకుంటాను.

నొక్కే యంత్రం గుండ్రంగా తిరుగుతుంది. అంచు పొడవునా అచ్చు రంధ్రాలు, ప్రతి రంధ్రానికి కింద ఒక పంచ్, పైన ఒక పంచ్. కింది పంచ్ దిగుతుంది, రంధ్రం రవ్వతో నిండుతుంది. కింది పంచ్ కొద్దిగా లేచి అదనపు రవ్వను బయటికి తోస్తుంది. గోలీ బరువు నిర్ణయమయ్యేది ఆ చిన్న కదలికలోనే. తర్వాత పై పంచ్ దిగి మొదట తేలికగా నొక్కుతుంది. ఆ తేలిక నొక్కు రవ్వ మధ్య చిక్కిన గాలి బయటికి పోవడానికి, గాలి చిక్కితే మళ్లీ అదే క్యాపింగ్. ఆ తర్వాత అసలు నొక్కు. కింది పంచ్ పైకి లేస్తుంది, గోలీ బయటికి వస్తుంది. ఇదంతా కళ్లు మూసి తెరిచేలోపు.

అక్కడితో వదలరు. కొన్ని గోలీలను తిరిగే డ్రమ్ములో వేసి నిమిషానికి 25 చుట్ల చొప్పున 4 నిమిషాలు దొర్లిస్తారు. బరువులో ఒక శాతం కంటే ఎక్కువ రాలిపోకూడదు. మరో 6 గోలీలను గాజు గొట్టాల్లో వేసి, ఒంటి వేడి ఉన్న నీళ్లలో పైకీ కిందికీ ఆడిస్తారు. పూత లేని గోలీ 15 నిమిషాల్లో విడిపోవాలి. లారీ కుదుపులకు చెదరకూడదు, కడుపులో మాత్రం వెంటనే చెదరాలి. ఒకదానికొకటి ఎదురు నిలిచే ఈ రెండు కోరికలనూ ఒకే గోలీలో తీర్చడం నాకు ఈ పనిలో అన్నిటికంటే నచ్చిన నేర్పు.

కడుపు దాటి చిన్నపేగుల్లో చేరాక పారాసిటమాల్ రక్తంలోకి వెళ్తుంది. మెదడు అడుగున ఉన్న హైపోథలామస్ ఒంటి వేడికి ఒక హద్దు పెట్టి ఉంచుతుంది. వైరస్ సోకినప్పుడు రక్షణ కణాల సంకేతాలతో అక్కడ ప్రోస్టాగ్లాండిన్ ఇ2 అనే పదార్థం పెరిగి, ఆ హద్దు పైకి జరుగుతుంది. హద్దు జరిగాక మామూలు వేడి కూడా మెదడు లెక్కలో తక్కువే. జరం ఎక్కేముందు చలి, వణుకు అందుకే. గోలీ ఆ ప్రోస్టాగ్లాండిన్ తయారీని తగ్గిస్తుంది. హద్దు కిందికి దిగుతుంది. ఒంట్లో వేడి ఎక్కువైందని మెదడు ఇప్పుడు గుర్తించి చెమట పట్టిస్తుంది. దుప్పటి తన్నేసి, తడిసిన అంగీతో లేచి కూర్చున్నవాడు జరం విడిచిందంటాడు.

పారాసిటమాల్ కొలతలోనూ ఒక చరిత్ర ఉంది. గోలీ పేరు పక్కన కనిపించే 650 అనే అంకె పాత ఇంగ్లిష్ తూకం నుంచి వచ్చింది. ఒక గ్రెయిన్ సుమారు 65 మిల్లీగ్రాములు, పది గ్రెయిన్లు 650. కోవిడ్ కాలంలో కేంద్ర ఆరోగ్య శాఖ ఇంటి వైద్యానికి ఇచ్చిన సూచనల్లో 650 మిల్లీగ్రాముల గోలీ రోజుకు గరిష్ఠంగా నాలుగుసార్లని, దానికీ జ్వరం లొంగకపోతే డాక్టరుకు చెప్పాలని ఉంది. ఆ హద్దుకు కారణం కాలేయం. మందులో ఎక్కువ భాగాన్ని కాలేయం హాని లేకుండా సాగనంపుతుంది. కొద్ది భాగం మాత్రం విషంగా మారుతుంది, గ్లూటాథయోన్ అనే రక్షణ పదార్థం దాన్ని అప్పటికప్పుడు కట్టేస్తుంది. మోతాదు మించితే ఆ నిల్వ అయిపోతుంది, విషం కాలేయ కణాల మీదికి తిరుగుతుంది. రోజూ మద్యం తాగేవాళ్లకు, కాలేయ జబ్బు ఉన్నవాళ్లకు ఆ నిల్వ మొదటే తక్కువ కావచ్చు. వాళ్లు డాక్టరును అడిగి తీరాలి.

ముక్కు కారడానికి ఇచ్చే మందులో పనితనం అణువు ఆకారంలోనే ఉంది. పాతకాలపు క్లోర్‌ఫెనిరమైన్ మెదడులోకి సులువుగా వెళ్తుంది, అందుకే మగత. కానీ దానికి ముక్కు తడిని ఆరబెట్టే మరో గుణం కూడా ఉండటంతో సర్దికి కాస్త పనిచేస్తుంది. మగత తెచ్చే మరో పాత మందు హైడ్రాక్సిజిన్. అది మింగాక శరీరమే దాన్ని మార్చి కొత్త పదార్థం చేస్తుందని, ఆ కొత్త పదార్థం మెదడులోకి అంతగా పోదని గమనించారు. శరీరం చేసిన ఆ పదార్థాన్నే విడిగా తయారుచేస్తే సెట్రిజిన్ అయింది. తర్వాత ఇంకో అడుగు వేశారు. సెట్రిజిన్‌లో రెండు రకాల అణువులు కలిసి ఉంటాయి, కుడిచేయి ఎడమచేయి ఎంత ఒకటో అవీ అంతే ఒకటి, ఒకదానికొకటి అద్దంలో ప్రతిరూపాలు. పనంతా దాదాపు ఒక చేతిదే. ఆ చేతిని వేరుచేసి ఇచ్చిందే లెవోసెట్రిజిన్. అందుకే సెట్రిజిన్ 10 మిల్లీగ్రాములైతే ఇది 5 మిల్లీగ్రాములు చాలు. పొట్లంలో ఉన్నది ఇదే. మగత తగ్గినా పూర్తిగా పోలేదు, కాబట్టి రాత్రికే మంచిది. మన వైపు ఒక మాట అదనంగా చెప్పుకోవాలి. కల్లు తాగిన రాత్రి ఈ గోలీలు వద్దు. క్లోర్‌ఫెనిరమైన్ ఉన్నదైతే అసలే వద్దు.

రకరకాల పేర్లతో అమ్మే కలగలుపు సర్ది గోలీలో జరం మందు, ముక్కు మందు ఒకేచోట ఉంటాయి. పారాసిటమాల్ 500 మిల్లీగ్రాములు, క్లోర్‌ఫెనిరమైన్ 2 మిల్లీగ్రాములు. 500 పక్కన 2 ప్రతి గోలీలోనూ సమంగా పడాలంటే ఒక్కసారి కుమ్మరించి కలిపితే కుదరదు. చిన్న మందును దానికి సమానమైన పొడితో ముందు కలుపుతారు. వచ్చిన దానికి మళ్లీ సమానంగా, మళ్లీ సమానంగా, రెట్టింపు చేసుకుంటూ పోతారు. తర్వాత 10 గోలీలు తీసి ఒక్కొక్కదాన్నీ విడిగా పరీక్షిస్తారు. చెప్పిన మోతాదులో 85 నుంచి 115 శాతం లోపల ఉండాలి. కంటికి కనబడని 2 మిల్లీగ్రాముల కోసం ఇంత క్రమశిక్షణ.

ఆ గోలీలో ఫెనైలెఫ్రిన్ ఒక్కటి మాత్రం నాకు అతకని భాగం. ముక్కు దిబ్బడ తీయాలని దాన్ని పెట్టారు. నోటితో మింగితే చాలాభాగం పేగు గోడలోనే విరిగిపోతుంది, ముక్కుదాకా చేరేది కొంచెమే. 2023 సెప్టెంబరులో అమెరికా ఔషధ సంస్థ నిపుణుల కమిటీ, మామూలు మోతాదులో మింగిన ఫెనైలెఫ్రిన్ దిబ్బడ తగ్గించదని ఏకగ్రీవంగా తేల్చింది. 2023 డిసెంబరులో మన దేశంలోనూ, క్లోర్‌ఫెనిరమైన్ ఫెనైలెఫ్రిన్ కలిపిన మందు నాలుగేళ్లలోపు పిల్లలకు వాడరాదని లేబుల్ మీద రాయమన్నారు. దిబ్బడకు జైలోమెటాజోలిన్ చుక్కలు నేరుగా ముక్కులో వేస్తే నిమిషాల్లో తెరుచుకుంటుంది. మూడు నాలుగు రోజులు దాటి వాడితే ముక్కు తిరగబడి ఇంకా బిగుసుకుంటుంది. ఉప్పునీటి చుక్కలకు ఆ భయం లేదు.

దగ్గు సిరప్ దగ్గరికి వస్తే బోధన్‌ను తలవకుండా ఉండలేం. శక్కర్‌నగర్‌లో 1937లో పుట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద పంచదార కర్మాగారంగా పేరుపొందింది. 2015 డిసెంబరులో మూతపడింది. అక్కడ పాకం మరిగించే పాన్ అనే పాత్ర దగ్గర పనిచేసినవాళ్ల నేర్పంతా చక్కెర పాకం ఎప్పుడు గింజ కడుతుందో కనిపెట్టడంలో ఉండేది. శూన్యంలో, తక్కువ వేడి మీద పాకాన్ని మరిగించి, నీరు తీసి తీసి, కరిగి ఉండగలిగే హద్దును దాటించి, సరైన క్షణంలో గింజ పట్టించాలి. సిరప్ చేసేవాడికీ కావలసింది ఆ హద్దు జ్ఞానమే, దిశ మాత్రం ఎదురు. మన మందుల ప్రమాణ గ్రంథమైన ఫార్మకోపియా ప్రకారం మందు సిరప్‌కు మూలమైన చక్కెర పాకంలో బరువులో 66.7 శాతం పంచదార ఉంటుంది. అది గింజ కట్టే హద్దుకు దాదాపు అంచున ఉన్న అంకె. కొంచెం పలచనైతే బూజు పడుతుంది, సూక్ష్మజీవి బతకలేని చిక్కదనం కావాలి. కొంచెం చిక్కనైతే చలికాలం రాత్రి సీసా మూత దగ్గర గింజ కట్టి మూత బిగుసుకుపోతుంది. అందుకే సార్బిటాల్, గ్లిజరిన్ లాంటివి కొద్దిగా కలిపి గింజను ఆపుతారు. పాన్ దగ్గర గింజ పుట్టించేవాడు, సిరప్ దగ్గర గింజ పుట్టనివ్వనివాడు, ఇద్దరూ ఒకే గీతను కాపలా కాసేవాళ్లు.

ఆ చిక్కని తీపి తనంతట తాను మందే. గొంతు మీద పొర పరిచి గరగరను అణుస్తుంది. జలుబు మీద బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో ఏళ్ల తరబడి పరిశోధించిన రాన్ ఎకిల్స్, దగ్గు మందుల మేలులో పెద్ద భాగం ఈ తీపి, చిక్కదనాలదే కావచ్చని వాదించాడు. కోవిడ్ దగ్గుకు బ్రిటన్ వైద్య సూచనల్లో మొదట చెప్పింది తేనె. ఏడాది నిండని పిల్లలకు తేనె ఇవ్వకూడదు, మిగతావాళ్లకు ఒక చెంచా చాలు.

సిరప్‌లో జాగ్రత్త తప్పితే ఏమవుతుందో 2025 అక్టోబరులో చూశాం. మధ్యప్రదేశ్‌లోని చింద్వారాలో దగ్గు సిరప్ తాగిన పసిపిల్లలు మూత్రపిండాలు చెడి చనిపోయారు. సిరప్‌లో డైఎథిలిన్ గ్లైకాల్ అనే పారిశ్రామిక ద్రావకం ఉంది. అదీ తియ్యగానే ఉంటుంది, చూపుకు తేడా తెలియదు. ముడిసరుకు డ్రమ్ము వచ్చినప్పుడే అందులో ఆ ద్రావకం ఉందేమో పరీక్షించి, 0.1 శాతం మించితే వెనక్కి పంపడమే ఈ పనితనంలో మొదటి మెట్టు. ఆ మెట్టు ఎక్కనివాడు చేసింది మందు కాదు. చిన్నపిల్లలకు డాక్టర్ చెప్పకుండా ఏ సర్ది సిరప్ కూడా పట్టకండి.

పొట్లంలో మిగిలినవాటి గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. విటమిన్ సి, జింకు లక్షణాల రోజులను తగ్గించలేదని 2021లోనే ఒక అమెరికా అధ్యయనం చూపింది. యాంటీబయాటిక్ బాక్టీరియాకు, వైరస్‌కు దానితో పని లేదు. ఇంట్లోనే కోలుకునేవాళ్లకు అజిత్రోమైసిన్ ఉపయోగపడదని బ్రిటన్‌లో జరిగిన ప్రిన్సిపుల్ అధ్యయనం అదే ఏడాది మార్చిలో తేల్చింది. భయం కమ్మిన రోజుల్లో చేర్చినవి అవి. ఇకమీదట సర్దికి, స్వల్ప కోవిడ్‌కు ఎవరూ సొంతంగా యాంటీబయాటిక్ గోలీ కొనకూడదు.

ఇంత పనితనం ఉన్న వస్తువు చివరికి ఒక మనిషి చేతిలోంచి ఇంకో మనిషి చేతిలోకి వెళ్తుంది. అక్కడ ఆశా కార్యకర్త నేర్పు గోలీలో ఉన్న నేర్పుకు తక్కువ కాదు. చదువురాని పెద్దమ్మకు పేర్లు చెప్పి లాభం లేదు. "అవ్వా, ఇది తెల్లగ పెద్దగుంది చూడు, జరం కాలినప్పుడే ఏస్కో. ఒకటేసినంక ఆరు గంటల దాంక మల్ల ముట్టకు. ఈ చిన్నది రాత్రి పండుకునేముందు ఒకటే" అని, రంగునూ పరిమాణాన్నీ చూపి చెప్పడం, తర్వాత "ఏదీ, నువ్వు చెప్పు" అని తిరిగి అడగడం, వేలికి ఆక్సిమీటర్ పెట్టి అంకె చూసి రాసుకోవడం. మందుల వాడకంలో ఇంతకు మించిన సాంకేతికత నాకు తెలియదు.

మెడికల్ షాపులో ఒక అలవాటు ఈ గొలుసునంతా తెంపేస్తుంది. రెండు గోలీలడిగితే పట్టీ మీద పేరు, తేదీ ఉన్న ముక్కను షాపులో ఉంచుకుని, ఏమీ లేని ముక్కను కత్తిరించి ఇస్తారు. అప్పుడు మన చేతిలో ఉన్నది ఏమిటో మనకే తెలియదు. జరానికి పారాసిటమాల్ వేసుకుని, సర్దికి కలగలుపు గోలీ కూడా వేసుకుంటే పారాసిటమాల్ రెండింతలవుతుంది. ఒంట్లో బాగాలేని రోజుల్లో ఎక్కువమంది చేసే తప్పు ఇదే. కాబట్టి పట్టీ మొత్తం అడగండి, లేదా వెనుక వైపు ఫోటో తీసుకోండి. 2023 ఆగస్టు నుంచి ప్రముఖ 300 మందుల ప్యాకింగ్ మీద క్యూఆర్ కోడ్ తప్పనిసరి, ఫోన్ చూపితే వివరాలు వస్తాయి. రెండు మందుల్లో పారాసిటమాల్ పేరు కనిపిస్తే ఒక్కటే వేసుకోండి. బీపీ, షుగర్, గుండె, కాలేయ జబ్బులున్నవాళ్లు, గర్భిణులు ముందు డాక్టరును అడగండి. ఆక్సిజన్ 94 కంటే తగ్గినా, ఆయాసం వచ్చినా, ఛాతీలో నొప్పి వచ్చినా, మనిషి తికమకగా మాట్లాడినా గోలీలు పక్కన పెట్టి బోధన్ ప్రభుత్వాసుపత్రికో, నిజామాబాద్ జనరల్ ఆసుపత్రికో ఆలస్యం చేయకుండా తీసుకెళ్లండి.